అప్‌డేట్: నేటాల్ వెళ్లిన మా ముత్తాత దొరికారు

1902లో చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన మా ముత్తాతగారి ఆనవాలు ఎలా వెతకాలని అడిగాను కదా, దొరికిందండీ. ఓడ జాబితాల్లో పాత జిల్లా పేరు 'వైజాగపటం' అని వెతకమన్నవారికి చేతులెత్తి దండం.

పేరు ఎంత వంకరగా రాశారంటే మొదట మేమే గుర్తుపట్టలేదు. వాళ్ల నాన్న పేరు, ఊరు సరిపోయాయి. పక్కనే 'కుడి మోచేతి మీద కాలిన మచ్చ' అని ఉంది. చదివి వినిపిస్తే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ మచ్చ సంగతి వాళ్లమ్మ చెప్పేదట. కింది వరుసల్లో ముత్తవ్వ, రెండేళ్ల పిల్లాడు. పసివాడికీ ఒక కూలీ నంబరు!

అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది మగవాళ్లకు నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా ఒక్కో షిల్లింగు పెంపు. గడువయ్యాక కూలి ఒప్పందం లేకుండా అక్కడే ఉండాలంటే తలకు ఏడాదికి 3 పౌన్ల (పౌనుకు 20 షిల్లింగులు) పన్ను, ఆడవాళ్లకు కూడా. అయిదో ఏడు జీతంతో లెక్కేస్తే ఒక్క మనిషికే నాలుగు నెలల కష్టం పైమాటే. ముగ్గురుగా వెళ్లి అయిదుగురై ఎందుకు తిరిగొచ్చేశారో నాకిప్పుడు అర్థమైంది. గాంధీగారి 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

ముత్తాతగారి తమ్ముడు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు ఆయన సంతతి కోసం వెతుకుతున్నాను. డర్బన్ వైపు తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి పలకండి.