ఇంటెల్ క్యూ6600 ప్రాసెసర్, బీ3 స్టెపింగ్ (చిప్ తయారీ వెర్షన్), ఓవర్‌క్లాక్ చేస్తే 3 గిగాహెర్ట్జ్ దగ్గర నిలవట్లేదు: ఓల్టేజీ పెంచాలా, తర్వాతి స్టెపింగ్ జీ0కి మారాలా?

తిరుపతి ఎండల్లో, ఏసీ లేని గదిలో నడవాల్సిన సిస్టమ్. పీ35 చిప్‌సెట్ మదర్‌బోర్డు, డీడీఆర్2-800 ర్యామ్. ప్రాసెసర్ మూత మీద ఎస్ఎల్9యూఎం, ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్‌లో స్టెపింగ్ 7. అంటే 105 వాట్ల బీ3యే. జీ0 అయితే ఎస్ఎల్ఏసీఆర్, స్టెపింగ్ బి, 95 వాట్లు.

బస్ క్లాక్ 333, మల్టిప్లయర్ 9 పెట్టి ర్యామ్‌ని బస్‌తో 1:1లో 667కి దించాను. బయోస్‌లో 1.35 ఓల్టులు ఇస్తే లోడులో 1.29కి జారుతోంది, ప్రాసెసర్‌ని గట్టిగా పరీక్షించే ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీలో ఒక కోర్ రౌండింగ్ ఎర్రర్‌తో ఆగిపోతోంది. అదే 333 మీద మల్టిప్లయర్ 6కి తగ్గిస్తే రాత్రంతా ఏ ఎర్రరూ లేదు. కాబట్టి బోర్డునీ ర్యామ్‌నీ అనుమానించక్కర్లేదు. 1.40 ఇస్తే ఎర్రర్ పోతుంది గానీ కోర్లు 80 డిగ్రీలు దాటుతున్నాయి. మూత దగ్గర ఇంటెల్ పెట్టిన ఉష్ణోగ్రత హద్దు బీ3కి 62.2, జీ0కి 71. కోర్ రీడింగ్ వేరే లెక్కే అయినా మే నెలకి ఇది ఆగదు.

బీ3 వాడిన అన్నలూ, 9×333కి లోడులో మీకు ఎంత ఓల్టేజీ పట్టింది? బోర్డులో, లోడులో ఓల్టేజీ జారకుండా ఆపే లోడ్‌లైన్ ఆప్షన్ లేదు, పెన్సిల్ మాడ్ (ఆ జారుడు తగ్గించడానికి బోర్డు మీది రెసిస్టర్‌పై పెన్సిల్ రుద్దడం) నమ్మొచ్చా? సెకండ్‌హ్యాండ్ జీ0 కొంటే వీఐడీ (ఆ చిప్‌కి ఫ్యాక్టరీలో పెట్టిన ఓల్టేజీ) మూత మీద ఉండదు కదా, అమ్మేవాళ్లని దాన్ని చూపే కోర్ టెంప్ ప్రోగ్రామ్ స్క్రీన్‌షాట్ అడగడం తప్ప వేరే దారుందా?