దశాంశాల ప్రశ్న: విచక్షణా సూచిక 0.08. తీసేయాలా, జత చేయాలా?

ఆరో తరగతి దశాంశ భిన్నాలపై 30 బహుళైచ్ఛిక ప్రశ్నల లోపనిర్ధారణ పరీక్ష తయారవుతోంది. 180 మంది రాశారు. ఒక ప్రశ్న దగ్గర మీ సలహా కావాలి.

7వ ప్రశ్న: 0.5, 0.45, 0.375, 0.25లో పెద్దది ఏది? 71 శాతం మంది సరిగ్గా రాశారు. కానీ ఆ ప్రశ్న మార్కు తీసేసిన మొత్తంతో సహసంబంధం (ఇదే విచక్షణా సూచిక: బాగా రాసినవాళ్లనూ వెనకబడ్డవాళ్లనూ ప్రశ్న ఎంత విడదీస్తుందో చెప్పే అంకె) 0.08 మాత్రమే.

కారణం ఇదనుకుంటున్నాను. 375 పెద్ద సంఖ్య కదా అనుకునేవాళ్లు 0.375 ఎంచుకుంటారు, ఈ ప్రశ్న వాళ్లను పట్టేస్తుంది. కానీ "పదో వంతు కంటే వెయ్యో వంతు చిన్నది, కాబట్టి అంకెలు తక్కువుంటే విలువ ఎక్కువ" అనుకునే పిల్లలకూ జవాబు 0.5 అనే వస్తుంది. అపోహతోనే మార్కు! మొత్తం మార్కుల్లో వెనకబడ్డవాళ్లు ఇక్కడ గట్టెక్కుతున్నారు.

8వ ప్రశ్నలో 0.3, 0.62, 0.458, 0.1 ఇచ్చాం. ఇక్కడ మొదటి అపోహ 0.458కి, రెండోది 0.3కి తీసుకెళ్తుంది, సహసంబంధం 0.46. (0.1ని దాదాపు ఎవరూ ఎంచుకోలేదు, దాన్ని మారుస్తాం.)

ఒప్పు-తప్పు మార్కులే చూస్తే, 7ను తీసేస్తే రెండు అపోహలనూ విడదీసే ఆధారం పోతుంది. రెంటినీ కలిపి 0-1-2 మార్కులిస్తే రెండో అపోహకు 1 దక్కుతుంది. రెండూ ఒప్పయితేనే 1 అంటే సమాచారం తగ్గుతుంది. విడివిడిగా ఉంచితే పరస్పర ఆధారం వల్ల ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చూపే విశ్వసనీయత కొలత) లేనిపోని ఎత్తు చూపిస్తుందేమో.

మొత్తం మార్కుకు ఒక పద్ధతి, లోపనిర్ధారణకు జవాబుల సరళి అని వేరుచేయడం సబబేనా? రాష్ నమూనాకు (ప్రశ్న కష్టాన్నీ విద్యార్థి సామర్థ్యాన్నీ ఒకే కొలబద్దపై అంచనా వేసే గణాంక పద్ధతి) 180 మంది సరిపోతారా? ఇలాంటి జతలకు మార్కులు వేసినవాళ్లు ఏ పద్ధతి నిలిచిందో చెప్పండి.