గురువాయూరు పెళ్లికి ఏం కట్టుకెళ్లాలి? ముండు, చొక్కా, సెట్టు ముండు సందేహాలు

మెట్టుగూడ కుర్రాడు:
ఆఫీసులో మలయాళీ ఫ్రెండు పెళ్లి. తాళి కేరళలోని గురువాయూరు కృష్ణుడి గుడి ముందు మండపంలో, భోజనాలు దగ్గర్లోనే ఆడిటోరియంలో. మగవాళ్లు ముండు (కేరళ పంచె), ఆడవాళ్లు చీర గానీ సెట్టు ముండు గానీ అని శుభలేఖలోనే వేశారు. చొక్కా వేసుకోవచ్చా? మన గోచీ పంచె చెల్లుతుందా? టీమ్‌లో ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు, వాళ్లకు చీర అలవాటు లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

త్రిస్సూర్ తెలుగు:
ముందు ఒక్కటి తెలుసుకోండి తమ్ముడూ. మీరు వెళ్లేది రెండు చోట్లకి, రెండు చోట్లా నియమం ఒకటి కాదు. తాళి కట్టే మండపాలు తూర్పు నడ (గుడి వాకిలి) వైపు, గుడి బయట ఉంటాయి. అక్కడ చొక్కా విప్పక్కర్లేదు. దర్శనానికి లోపలికి వెళ్లేటప్పుడు మాత్రం మగవాళ్లకు పంచె తప్పనిసరి. చొక్కా, బనియను రెండూ తీసెయ్యాలి. ఉత్తరీయం భుజాల మీద కప్పుకోవచ్చు.

తిరుమలలో సేవకి పైజమా, పైన ఉత్తరీయం వేసుకుని వెళ్లొచ్చు కదా, ఇక్కడా అదే అనుకుని మనవాళ్లు చాలామంది పైజమా కుర్తాలతో దిగుతారు. గురువాయూరులో అది నడవదు. ప్యాంటు మీద పంచె చుట్టుకుంటే కూడా గుమ్మం దగ్గర ఆపుతారు. మోకాళ్లు దాటని షార్టు లోపల వేసుకోండి, చాలు. గోచీ పంచె నిక్షేపంగా చెల్లుతుంది. కానీ పెళ్లివారు ముండు అని రాశారంటే వాళ్ల మనసులో ఉన్నది మనం అడ్డపంచె అనేదే, గోచీ లేకుండా చుట్టుకునేది. అది కట్టుకెళ్తే వాళ్లకి ఎంత సంతోషమో చూడండి.

ముహూర్తాల రోజుల్లో రద్దీ మామూలుగా ఉండదు. 2024 సెప్టెంబరు 8న ఒక్కరోజే 300కి పైగా పెళ్లిళ్లు జరిగాయి. ఒక్కో పెళ్లికి మండపంలో దొరికేది కొద్ది నిమిషాలే. దగ్గరికి కొద్దిమందినే రానిస్తారు, కాబట్టి అక్కడికి వెళ్లాక బట్టలు మార్చుకుందాం అనే ఆలోచన పెట్టుకోకండి. రూములోనే ముండు కట్టుకుని, పైన కాటన్ చొక్కా వేసుకుని బయల్దేరండి. దర్శనానికి వెళ్లేముందు చొక్కా విప్పి గుడ్డసంచిలో పెట్టుకోండి. ఫోను లోపలికి రానివ్వరు, బయట లాకర్లో పెట్టాలి. తోలు బెల్టు, తోలు పర్సు రూములోనే వదిలెయ్యండి. లోపలికి హిందువులకే ప్రవేశం. మీ టీమ్‌లో వేరే మతం వాళ్లుంటే దర్శనం ప్లానులో వాళ్లని కలపకుండా ముందే మాట్లాడుకోండి, గుమ్మం దగ్గర ఇబ్బంది పడకూడదు.

నేతబట్ట:
బట్ట సంగతి నేను చెప్తాను. ముండు రెండు రకాలు. సింగిల్ సుమారు 2 మీటర్లు, డబుల్ 3.6 నుంచి 4 మీటర్లు. వెడల్పు రెండింటికీ దాదాపు 127 సెంటీమీటర్లు. కొత్తవాళ్లు డబుల్ తీసుకోండి. సగానికి మడిచి రెండు పొరలుగా కట్టుకుంటారు కాబట్టి లోపలివి కనబడవు, గాలికి ఎగరదు. బలరామపురం, చేందమంగలం, కుత్తాంపుల్లి నేతలకు భౌగోళిక గుర్తింపు ఉంది, చేత్తో నేసినవి కావాలంటే ఆ పేర్లు అడగండి. అంచు సన్నగా ఉన్నది ఎంచుకోండి. వెడల్పాటి కసవు (బంగారు జరీ అంచు) పెళ్లికొడుకుకి, ఇంటి పెద్దలకి బాగుంటుంది. అతిథికి అర అంగుళం చాలు.

కట్టడం ఇలా. డబుల్ ముండుని సగానికి మడిచి నడుము వెనక నుంచి రెండు చివర్లూ ముందుకు తెచ్చుకోండి. కుడిచేతిలో చివర పొట్ట మీదుగా ఎడమ పక్కకి తీసుకెళ్లి గట్టిగా దోపండి. తర్వాత ఎడమచేతిలోది దాని మీదుగా కుడి పక్కకి తెచ్చి, పైమూల కొంచెం మడిచి లోపలికి దోపండి. కింది అంచు చీలమండ దగ్గర చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో అద్దంలో చూసుకోండి. అప్పుడు నడుము దగ్గర మిగిలిన బట్టని బయటికి రెండు మూడు చుట్లు చుట్టండి. ముండు నిలబడేది ఈ చుట్ల మీదే. నడుము నుంచి చీలమండకి కొలత 100 సెంటీమీటర్లుంటే 27 సెంటీమీటర్లు పైన మిగులుతుంది, అదంతా చుట్టలోకి పోవాలి. చుట్టకుండా లోపలికి కుక్కేస్తే పది అడుగులు వేసేసరికి వదులవుతుంది. పొట్ట ఉన్నవాళ్లు బొడ్డు కింద కట్టకండి, బొడ్డు మీద కట్టండి. కింద కడితే కూర్చుని లేచినప్పుడల్లా జారుతుంది.

ఇంకోటి, కొత్త ముండులో గంజి ఉంటుంది. బట్ట బిరుసుగా ఉండి పట్టు దొరకదు. పెళ్లికి రెండ్రోజుల ముందు ఒకసారి చన్నీళ్లలో జాడించి, నీడలో ఆరేసి, పల్చటి గుడ్డ పైన వేసి ఇస్త్రీ చెయ్యండి. జరీ మీద వేడి పెట్టె నేరుగా పెట్టొద్దు.

మెట్టుగూడ కుర్రాడు:
చాలా థాంక్స్ అన్నా. వెల్‌క్రో పంచె అయితే? పైకి మడిచి కట్టుకోవడం కూడా చూశాను, అది ఎప్పుడు?

నేతబట్ట:
వెల్‌క్రోది నిలబడడానికి, కుర్చీలో కూర్చోడానికి సరిపోతుంది. నేల మీద బాసింపట్టు వేసుకుంటే అంటించిన చోటే లాగుతుంది, ఊడొచ్చు. వెల్‌క్రోది వేసుకున్నా పైన గుడ్డ బెల్టు గానీ నాడా గానీ కట్టండి. మొలతాడు ఉంటే బట్టని దాని కింద నుంచి తీసి దోపుకోండి, బాగా ఆగుతుంది.

త్రిస్సూర్ తెలుగు:
మోకాళ్ల దాకా ఎగ్గట్టడం మెట్లెక్కేటప్పుడు, వాన నీళ్లలో నడిచేటప్పుడు, పనిచేసేటప్పుడు. పెద్దవాళ్లు ఎదురైతే, గుడి ముందుకి రాగానే, పెళ్లివాళ్లని పలకరించేటప్పుడు కిందికి దించాలి. అక్కడ ఇది గౌరవానికి గుర్తు, చిన్నపిల్లాడికి కూడా నేర్పుతారు. మీరు ఆ ఒక్కటి పాటిస్తే మిగతా పొరపాట్లు ఎవరూ పట్టించుకోరు.

కాకినాడ అమ్మాయి:
ఆడపిల్లల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. సెట్టు ముండు చీర కాదు, రెండు ముక్కలు. కింద ముండు, పైన నేర్యదు. లంగా వోణీ వేసుకోవడం వచ్చినవాళ్లకి ఐదు నిమిషాల పని. కింది ముక్క పెట్టీకోటు మీద చుట్టి దోపాలి, కుచ్చిళ్లు అక్కర్లేదు. పై ముక్క ఒక చివర నడుము దగ్గర దోపి, వోణీ లాగే ముందు నుంచి తిప్పి, మడతలు పెట్టి ఎడమ భుజం మీద పిన్ను పెట్టాలి. పిన్నులు మూడు: భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, కింది ముక్క చివర పెట్టీకోటుకి కలిపి ఒకటి. చీర అలవాటు లేనివాళ్లకి ఇదే హాయి, కాళ్లకి కుచ్చిళ్లు అడ్డం పడవు.

పెట్టీకోటు రంగు చూసుకోండి. కోరా బట్ట పల్చన, లోపల ఎర్రదో ఆకుపచ్చదో వేస్తే ఎండలో మొత్తం కనిపిస్తుంది. గోధుమరంగు గానీ మీగడ రంగు గానీ వెయ్యండి. జాకెట్టు ముదురు ఆకుపచ్చ, మెరూన్, నీలం ఏదైనా బాగుంటుంది.

కేరళలో మీగడ రంగు, బంగారు అంచు మంగళకరమే. తెలుపు కదా, శుభకార్యానికి ఎలా అని మన ఇళ్లలో పెద్దలంటే నిశ్చింతగా ఉండమని చెప్పండి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. గురువాయూరులో చాలామంది పెళ్లికూతుళ్లు తాళి వేళకి కసవుతోనే ఉంటారు. మీరూ జానెడు జరీ అంచుది కట్టి తలనిండా మల్లెపూలు పెడితే ఫొటోలో ఎవరు పెళ్లికూతురో తేలదు. రంగు అంచుది, సన్నగా ఉన్నది ఎంచుకోండి. మన పట్టుచీర, పట్టు పరికిణీ కూడా చెల్లుతాయి. చుడీదారుకి గుడిలో 2007 నుంచి అనుమతి ఉంది, కానీ శుభలేఖలో చీర అని వేసినప్పుడు చీరో సెట్టు ముండో కట్టడమే మర్యాద.

అదే పెళ్లివాళ్లు తిరువనంతపురంలో పద్మనాభస్వామి దర్శనానికి కూడా తీసుకెళ్తామంటే, అక్కడ చుడీదారు ఒక్కటీ చాలదు, దాని మీద ముండు చుట్టుకోవాలి. ఒకటి సంచిలో పెట్టుకోండి.

బోయినపల్లి పద్మ:
ఇదే వరసలో అడుగుతున్నా. మాకు కొట్టాయం వైపు చర్చి పెళ్లి ఉంది. దానికీ కసవేనా?

కాకినాడ అమ్మాయి:
వద్దండీ. క్రైస్తవ పెళ్లిలో పెళ్లికూతురు తెల్ల గౌనులోనో మీగడ రంగు చీరలోనో ఉంటుంది. మీరు రంగు పట్టుచీర కట్టండి. సిరియన్ సంప్రదాయం (కేరళ పాత క్రైస్తవ శాఖలు) చర్చిల్లో ప్రార్థన వేళ ఆడవాళ్లు తల మీద కొంగు కప్పుకుంటారు. జారిపోని కాటన్ పట్టు మేలు, ఆర్గంజా నిలవదు. చాలాచోట్ల చెప్పులు బయటే విడవాలి.

సికింద్రాబాద్ సింగ్ గారి పక్కింటాయన:
గురుద్వారా పెళ్లి గురించి కూడా రాసి పెడితే అమీర్‌పేట వైపు వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. ఆడ మగ అందరికీ తల కప్పుండాలి. టోపీ పనికిరాదు, గుడ్డే కట్టాలి. గుమ్మం దగ్గర రుమాళ్లు ఉంటాయి గానీ పెళ్లిరోజు అయిపోతాయి, సొంతది పట్టుకెళ్లండి. చేతిరుమాలు చాలదు, కనీసం 60 సెంటీమీటర్ల చదరం ఉండాలి. మూలకి మూల మడిచి నుదుటి మీద పెట్టి వెనక ముడి. సిల్కుది జారుతుంది, కాటన్ తీసుకోండి. నేల మీదే కూర్చోవాలి కాబట్టి బిగుతు ప్యాంటు, పొట్టి గౌను ఇబ్బంది. కాళ్లు గురుగ్రంథ సాహెబు వైపు చాపకూడదు. జేబులో సిగరెట్టు పెట్టె ఉంటే బయటే తీసెయ్యండి, మరిచిపోయి తీసుకెళ్లడం అక్కడ పెద్ద తప్పు.

డాలస్ గోదారి:
అమెరికాలో మనవాళ్ల రిసెప్షన్ కార్డుల మీద బ్లాక్ టై అని వస్తోంది. మామూలు సూటు, పొడుగు టై దానికి సరిపోవు. శాటిన్ కాలరున్న టక్సీడో, తెల్ల చొక్కా, నల్ల బో టై కావాలి. బంద్‌గలా (మెడ మూసి ఉండే మన కోటు) వేసుకుంటే చాలా ఇళ్లలో సంతోషంగా ఒప్పుకుంటారు, అయినా పెళ్లివాళ్లని ఒక మెసేజీ పెట్టి అడగండి. పక్కన ఆప్షనల్ అని ఉంటే ముదురు రంగు సూటు చాలు. ఆడవాళ్లకి పట్టుచీర ఎప్పుడూ సరిపోతుంది.

మెట్టుగూడ కుర్రాడు:
అన్నీ రాసుకున్నా. చివరి ప్రశ్న. సద్యలో (అరిటాకు పెళ్లి భోజనంలో) సాంబారు పడితే ఆ కోరా బట్ట పోయినట్టేనా?

నేతబట్ట:
పోదు. కూర్చునే ముందు ఒళ్లో ఉత్తరీయం పరుచుకోండి, సగం మరకలు దాని మీదే పడతాయి. పడితే వెంటనే పొడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ఇంటికొచ్చాక సబ్బు పెట్టగానే పసుపు మరక ఎర్రబడుతుంది, కంగారు పడకండి. పసుపుకి సబ్బు క్షారం తగిలితే అలాగే మారుతుంది. బాగా జాడించి, మరకున్న చోటు ఎండ తగిలేలా ఆరెయ్యండి. ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. ఒక్క రోజులో పోకపోతే మళ్లీ తడిపి రెండో రోజూ వెయ్యండి. బ్లీచింగ్ మాత్రం వద్దు, కోరా రంగు పోయి అక్కడ తెల్లమచ్చ పడుతుంది, జరీ నల్లబడుతుంది.