క్యాంప్‌బెల్ ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఒక్క వంశమేనా?

తుంగభద్ర_తీరం:
1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించి, తర్వాత బళ్ళారి కలెక్టరైన ఎ.డి. క్యాంప్‌బెల్. 1786లో మద్రాసు గవర్నరైన ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి. ఈ పేరున్న వాళ్ళంతా స్కాట్లాండ్‌లోని ఆర్గైల్ డ్యూకుల వంశమేననీ, ఇప్పుడు స్కాట్లాండ్ కంటే జమైకాలోనే క్యాంప్‌బెల్‌లు ఎక్కువనీ ఇంకో చర్చలో ఒకరు రాశారు. ఈ రెండు మాటల్లో నిలిచేదెంత?

హైలాండ్_చరిత్ర:
మొదటి మాటలో బలం ఉందండీ. స్మిత్ అంటే కమ్మరి, కొలిమి ఉన్న ప్రతి ఊళ్ళోనూ విడిగా పుట్టే పేరది. క్యాంప్‌బెల్ అలాంటిది కాదు. స్కాట్లాండ్ కొండప్రాంతపు పాత భాష గేలిక్‌లో 'కామ్' అంటే వంకర, 'బెయుల్' అంటే నోరు. ఎవరో ఒక మనిషికి పడ్డ మారుపేరు. ఇంత విడ్డూరమైన పేరు వంద చోట్ల పుట్టదు. 1263 నాటి పత్రాల్లో గిలెస్పీ క్యాంప్‌బెల్ కనిపిస్తాడు. ఆయన కొడుకు కాలెన్ మోర్ పేరు మీదే నేటికీ వంశపెద్దను 'మాక్ కాలెన్ మోర్' అంటారు. మధ్యలోని 'పి' అక్షరం మాత్రం తర్వాతి లేఖకులు చేర్చింది.

రికార్డుల_గది:
పేరు ఒక్కచోటే పుట్టిందంటే ఒప్పుకుంటాను. పెట్టుకున్నవాళ్ళంతా ఆ రక్తమే అంటే మాత్రం ఒప్పుకోను. మాక్‌గ్రెగర్లనే ఇంకో స్కాట్లాండ్ వంశాన్ని చూడండి. 1603 ఫిబ్రవరిలో వాళ్ళకీ కొల్‌హూన్ వంశానికీ గ్లెన్ ఫ్రూయిన్ లోయలో పోరు జరిగింది, ఏప్రిల్ 3న ఆ ఇంటిపేరునే నిషేధించారు. పెట్టుకుంటే మరణశిక్ష. 1661లో ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, 1774లో గానీ పూర్తిగా పోలేదు. అన్ని తరాల పాటు వాళ్ళు డ్రమండ్, గ్రాంట్, మర్రే, క్యాంప్‌బెల్ అని రాయించుకున్నారు. వాళ్ళలో పేరుమోసిన వీరుడు రాబ్ రాయ్ అంతటివాడే తల్లి పుట్టింటి పేరు క్యాంప్‌బెల్ వాడాడు. నిషేధం పోయాక అందరూ పాత పేరుకి తిరిగి రాలేదు. పైగా ఐర్లాండ్ టైరోన్ ప్రాంతంలో 'మాక్ కావెల్' అనే వేరే కుటుంబం ఇంగ్లీషు రాతలో క్యాంప్‌బెల్ అయిపోయింది. ఆర్గైల్‌లో భూస్వామి పేరు పెట్టుకున్న కౌలుదార్లు సరేసరి.

హైలాండ్_చరిత్ర:
మాక్‌గ్రెగర్ల సంగతి కాదనను. కానీ 'క్లాన్'ని మనం వంశం అని తెలుగు చేయడంలోనే తిరకాసు ఉంది. వంశపెద్ద ఇంటిపేరు ఉండి, ఆయన్ని పెద్దగా ఒప్పుకుంటే అక్కడి ఆచారం ప్రకారం క్లాన్ మనిషే. రక్తం రుజువు అడగరు. ఆ మనిషి టోపీకి పెట్టుకునే బిళ్ళలో వంశపెద్ద చిహ్నం చుట్టూ బెల్టూ బకిలూ ఉంటాయి. చిహ్నం వంశపెద్దకి చెందినది, నేను ఆయన మనిషిని అని దానర్థం. మనకి ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, సంబంధం కలుపుకోం. అక్కడ క్యాంప్‌బెల్ శాఖలు ఒకదానితో ఒకటి వియ్యమందుకున్నాయి. అందుకని మన ఇంటిపేరు లెక్క అక్కడికి తేవద్దు.

ద్వీపాల_లెక్క:
జమైకా సంగతి చెప్తాను. 'ఎక్కువ మంది' అనడం వేరు, 'వందకి ఎక్కువ' అనడం వేరు. స్కాట్లాండ్ జనాభా సుమారు 55 లక్షలు, జమైకాది 28 లక్షలు. మొత్తం సంఖ్యలో మించాలంటే జమైకాలో ఆ పేరు నిష్పత్తి దాదాపు రెట్టింపు ఉండాలి. స్కాట్లాండ్‌లోనే క్యాంప్‌బెల్ మొదటి పది ఇంటిపేర్లలో ఉంది కదా. సాక్ష్యంగా చూపేది తరచూ టెలిఫోన్ డైరెక్టరీ. అందులో ఇంటికొక్క పేరే పడుతుంది, దుకాణాలూ కలుస్తాయి, సెల్‌ఫోన్లు రావు. దాన్ని జనాభా లెక్కగా తీసుకోకూడదు.

పేరు అక్కడికి చేరిన దారి మాత్రం స్పష్టం. పనామా దగ్గర స్కాట్లాండ్ వాళ్ళు పెట్టిన డేరియన్ వలస (1698-1700) కూలిపోయాక కర్నల్ జాన్ క్యాంప్‌బెల్ జమైకా చేరాడు, 1740లో అక్కడే పోయాడు. వెనకాలే బంధువులు వచ్చారు, చెరకు తోటలు వేశారు. తోటల్లో బానిసలకి చాలావరకు ఇంటిపేరు లేకుండా సొంత పేరొక్కటే ఉండేది. బాప్తిస్మంలో ఇంటిపేరు వచ్చేది: యజమానిదో, తోటలో పని చేయించే ఓవర్‌సీరుదో, తండ్రిదో. 1838లో పూర్తి విముక్తి తర్వాత కొందరు తామే ఎంచుకున్నారు. అందుకే పేరు చూసి 'ఫలానా తోట' అని తేల్చేయడం తప్పు. 1817 నుంచి ఉన్న బానిసల రిజిస్టర్లలో వయసు, పుట్టింది ఆఫ్రికాలోనా ద్వీపంలోనా అనేవి పోల్చి, బాప్తిస్మం పుస్తకంతో జత చేయాలి. 2004, 2008 ఒలింపిక్స్‌లో 200 మీటర్ల స్వర్ణాలు గెలిచిన జమైకా క్రీడాకారిణి వెరోనికా క్యాంప్‌బెల్ పేరు వెనక ఇంత చరిత్ర ఉంది. ఆ పేరు జమైకా వాళ్ళది కూడా, అరువు పేరు కాదు.

రికార్డుల_గది:
లెక్కలో ఇంకో పొరపాటు చూశాను. స్కాట్లాండ్ మరణాల సూచికలో పెళ్ళైన స్త్రీ పుట్టింటి పేరు కిందా, మెట్టినింటి పేరు కిందా కనిపిస్తుంది. వరుసలు లెక్కపెట్టి కూడితే ఒకే మనిషి రెండుసార్లు పడుతుంది.

వెతికేటప్పుడు 'పి' లేని రాత, చివర ఒకే 'ఎల్' ఉన్న రాత కూడా చూడండి. స్కాట్లాండ్‌లో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఆ ఏడాది పత్రాలు బంగారమే: తల్లిదండ్రులు పుట్టిన ఊరు, ముందు పుట్టిన పిల్లలు అన్నీ రాశారు. 1856లో చాలా గడులు తీసేశారు. అంతకు ముందైతే చర్చి రిజిస్టర్లే గతి.

తుంగభద్ర_తీరం:
అయితే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై-డీఎన్‌ఏని మగవాళ్ళలో పరీక్షిస్తే తేలదా?

హైలాండ్_చరిత్ర:
తండ్రి వరస ఒక్కటే తేలుతుంది. డీఎన్‌ఏలో పోల్చి చూసే గుర్తుల్ని మార్కర్లంటారు, 12 మార్కర్ల పరీక్షకి డబ్బు పెట్టొద్దు, పశ్చిమ ఐరోపాలో వేలమందితో కలిసిపోతుంది. 37 కనీసం, 111 అయితే మేలు. ఆడవాళ్ళు అన్నదమ్ములతోనో, తండ్రితోనో, బాబాయితోనో చేయించాలి. క్యాంప్‌బెల్ అని పేరున్న మనిషి ఫలితం మాక్‌గ్రెగర్ గుంపులో పడితే పరీక్ష తప్పనుకోకండి. ముందు 1774కి వెనక్కి వెళ్ళి, ఆ కుటుంబం ఏ గ్రామంలో ఉందో చూడండి.