మామగారికి వినికిడి పరీక్ష, చెవి మిషన్: డబ్బు కట్టేముందు ఏమేం చూసుకోవాలి?

తూగో_కోడలు అడిగారు:

మా మామగారికి 71 ఏళ్లు, ఉండేది కాకినాడలో. మాట వినపడుతోంది గానీ ఏమన్నారో తెలియట్లేదంటారు. ఫోన్లో ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు అసలు అందదు. ఈమధ్య ఒక ఉచిత శిబిరంలో హెడ్‌ఫోన్ పెట్టి ఐదు నిమిషాల్లో చూసేసి, రెండు చెవులకీ 55 డెసిబెల్స్ లోపం ఉందన్నారు. జత మిషన్లు ఈ వారంలోనే తీసుకుంటే తగ్గింపు ఇస్తామంటున్నారు. ఇచ్చిన కాగితం మీద చెవికి ఒక్కో గీత తప్ప ఇంకేం లేదు. ఆయనకి షుగరు ఉంది. ఎడమ చెవిలో మాత్రం అప్పుడప్పుడూ గుయ్‌మని మోత వస్తుందట.

సరైన పరీక్ష అంటే ఏమేం చేయాలి? మిషన్ అమర్చే రోజు ఏం జరగాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

శ్రవణ_డెస్క్:

ఆ కాగితం మీద డబ్బు కట్టకండి. ముందు ఈఎన్‌టీ డాక్టరుగారికి చూపించండి. మోత ఒక్క చెవిలోనే ఉందన్నారు కదా, అది తప్పకుండా చెప్పాలి. రెండు చెవుల వినికిడిలో తేడా కూడా తేలితే ఎమ్మారై అడగవచ్చు, కంగారు పడక్కర్లేదు, వినికిడి నరం దగ్గర గడ్డ లేదని నిర్ధారించుకోవడానికి. ఇంకో మాట అందరికీ: ఒక చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వినపడకుండా పోతే అది అత్యవసరం. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, మూడు రోజులు దాటనివ్వకూడదు.

గులిమి ఉంటే తీయించాకే పరీక్ష. షుగరు ఉన్నవాళ్లకి నీళ్లు కొట్టి తీస్తే చెవి దారిలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు, అందుకే సక్షన్‌తో గానీ పరికరంతో గానీ తీయమని అడగండి. పిన్నీసు, అగ్గిపుల్ల, వేడి నూనె ఏవీ వద్దు. పరీక్షకి ముందురోజు పెళ్లి బ్యాండు, మైకుల మోత దగ్గర ఉండకుండా చూడండి. పెద్ద చప్పుడు తర్వాత కొన్ని గంటలు వినికిడి తాత్కాలికంగా తగ్గి ఉంటుంది.

పరీక్ష శబ్దం చొరబడని గదిలోనే జరగాలి. శిబిరాల్లో ఫ్యాన్ల హోరు, జనం మాటలు 250, 500 హెర్ట్జ్ దగ్గర, అంటే బొంగురుగా ఉండే కింది స్వరాల్లో, వినిపించే చిన్న శబ్దాల్ని కప్పేస్తాయి (హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ స్వరం పైది). దాంతో లోపం లేనిచోట కూడా ఉన్నట్టు పరీక్ష గ్రాఫులో (దీన్నే ఆడియోగ్రామ్ అంటారు) గీత కిందికి దిగుతుంది. ఆ గీతని బట్టి మిషన్ సెట్ చేస్తే ఇంట్లో ప్రతి హోరూ మోతైపోతుంది.

గదిలో మంచి చెవితో, 1000 హెర్ట్జ్‌తో మొదలుపెడతారు. వినపడితే 10 డెసిబెల్స్ తగ్గిస్తారు, వినపడకపోతే 5 పెంచుతారు. అలా పైకి వెళ్లి 8000 దాకా చూసి, మళ్లీ 1000 చూస్తారు. రెండోసారి 5 కంటే ఎక్కువ తేడా వస్తే పెద్దాయనకి ఆట సరిగా అర్థం కాలేదన్నమాట, మళ్లీ చెప్పి చేయాలి. "గట్టిగా వినపడితే నొక్కాలి" అనుకునేవాళ్లే ఎక్కువ. ఉందో లేదో అన్నంత సన్నగా వినపడినా నొక్కాలని ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి.

ఆ తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి మళ్లీ చూస్తారు. శిబిరం కాగితంలో లేనిది ఇదే. గాలి ద్వారా వినేదానికీ ఎముక ద్వారా వినేదానికీ 10 డెసిబెల్స్ మించి తేడా ఉంటే దోషం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంది: గులిమి, నీరు, కర్ణభేరికి చిల్లు, చిన్న ఎముక బిగుసుకుపోవడం. వీటిలో చాలావాటికి మందో ఆపరేషనో ఉంది, మిషన్ మొదటి మందు కాదు. రెండు గీతలూ కలిసి కుడివైపుకి జారుతూ దిగితే లోపలి చెవి దోషం, వయసుతో వచ్చేది సాధారణంగా ఇలాగే ఉంటుంది. పరీక్ష మధ్యలో ఒక చెవిలో "ష్‌ష్" అని హోరు పెడతారు, ఆ చెవి సాయం రాకుండా ఉండటానికి. దాన్ని వదిలేసి కూతకి మాత్రమే నొక్కమనాలి.

చెవిలో కొద్దిగా గాలి ఒత్తిడి పెట్టి చూసే టింపనోమెట్రీ కూడా చేయించండి, నిమిషం పని. గ్రాఫు శిఖరం లేకుండా చదునుగా వస్తే, దాన్ని బి టైపు అంటారు, మధ్య చెవిలో నీరో, చిల్లో, గులిమో ఉండొచ్చు. పెద్దవాళ్లకి ఒక్క చెవిలోనే నీరు నిలిస్తే ముక్కు వెనక భాగం కూడా ఈఎన్‌టీ చూడాలి.

అన్నీ కలిపి ముప్పావుగంట పడుతుంది. ఐదు నిమిషాల్లో తేలేది కాదు.

---

మాట_పరీక్ష:

పైవారు చెప్పినదానికి కలుపుతున్నాను. "55 డెసిబెల్స్" అన్నది సగటు. ఒకాయనకి 500, 1000, 2000 హెర్ట్జ్ మూడింటి దగ్గరా 55 ఉండొచ్చు. ఇంకొకాయనకి 30, 55, 80 ఉండొచ్చు. ఇద్దరి సగటూ 55 గానీ, ఇద్దరికీ పెట్టాల్సిన సెట్టింగు పూర్తిగా వేరు. మీ మామగారి లక్షణాలు రెండో రకానివే. అచ్చులు కింది స్వరాల్లో ఉంటాయి, మాట బిగ్గరగా వినపడేది వాటివల్ల. చ, స, ప, క, త లాంటి హల్లుల గుర్తు పై స్వరాల్లో ఉంటుంది. అవి పోతే పాలు, కాలు, చాలు మూడూ ఒకటే అయిపోతాయి. అందుకే "వినపడుతోంది, అర్థం కావట్లేదు" అంటున్నారు. మనం అరిచినా అచ్చులే పెరుగుతాయి, ఉపయోగం ఉండదు.

కాబట్టి మాటల పరీక్ష తప్పనిసరిగా అడగండి. ఆయనకి వినపడే స్థాయికి 30, 40 డెసిబెల్స్ పైన పెట్టి ఒక్కో చెవిలో 25 మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. మాటకి 4 శాతం లెక్క. తెలుగు మాటల పట్టికతోనే చేయాలి, వీలైతే రికార్డు చేసిన గొంతుతో. పరీక్ష చేసేవాళ్లు తామే పలికితే పెదాలు కనపడకూడదు. 80, 90 శాతం వస్తే మిషన్‌తో మంచి ఫలితం ఆశించవచ్చు. 40 దగ్గర ఆగితే ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా మాట పూర్తిగా స్పష్టం కాదు, ఆ సంగతి కొనేముందే కుటుంబానికి తెలియాలి. ఒక చెవికి 88, ఇంకోదానికి 44 లాంటి తేడా వస్తే మళ్లీ డాక్టరు దగ్గరికే.

ఏ స్థాయి దాటితే శబ్దం భరించలేకపోతున్నారో కూడా కొలిపించండి. పెద్ద వయసువాళ్లకి వినపడటం మొదలయ్యే స్థాయికీ భరించలేని స్థాయికీ మధ్య జాగా తక్కువ. అది కొలవకుండా సెట్ చేస్తే కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి మిషన్ తీసి సొరుగులో పడేస్తారు.

---

తూగో_కోడలు:

చాలా థాంక్సండీ. ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అమరిక గురించి కూడా చెప్పరూ? తనగొంతు తనకే డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుందని, కీచుమంటుందని వాడేవాళ్లు చెబుతున్నారు. ఒక్క చెవికే కొంటే సరిపోదా అని మామగారు.

---

అమరిక_బల్ల:

ఒక్క చెవి సంగతి ముందు. రెండిటిలోనూ లోపం ఇంచుమించు సమానమైతే రెండిటికీ పెట్టాలి. శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియడానికీ, నలుగురు మాట్లాడే చోట ఒక గొంతు పట్టుకోవడానికీ రెండు చెవులూ కావాలి. బడ్జెట్ తక్కువైతే ఒక ఖరీదైనదాని బదులు రెండు మధ్యరకంవి తీసుకోండి. ఒక చెవి కారుతున్నా, మాటల పరీక్షలో ఒక చెవి మరీ వెనకబడినా అప్పుడు లెక్క వేరు. ఛానెళ్ల సంఖ్య (శబ్దాన్ని ఎన్ని స్వర భాగాలుగా విడదీసి సెట్ చేయవచ్చో) చూపించి ధర పెంచుతారు, దానికంటే ముందు నుంచి వచ్చే మాటని పట్టే డైరెక్షనల్ మైకులు, కీచు ఆపే సదుపాయం, కాకినాడలోనే సర్వీసు ఉండటం ముఖ్యం. కొనేముందు ఇంట్లో కొన్నాళ్లు వాడి చూసే అవకాశం, తిరిగి ఇస్తే ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకోండి.

మిషన్ ఆకారం ఆడియోగ్రామ్‌ని బట్టి ఉంటుంది. కింది స్వరాలు బాగా ఉంటే చెవి దారిలో పెట్టే, చిల్లులున్న మెత్తటి సిలికాన్ టోపీ (డోమ్) చాలు. అక్కడా లోపం ఉంటే మూసిన డోమ్, లోపం తీవ్రమైతే చెవి కొలతతో చేసే మోల్డ్. కొలత తీసేటప్పుడు దారం కట్టిన స్పాంజి ముక్కని చెవి దారి రెండో మలుపు దాటి పెట్టాకే సిలికాన్ ముద్ద ఎక్కించాలి. నాలుగైదు నిమిషాల్లో గట్టిపడుతుంది. స్పాంజి పెట్టకుండా ముద్ద ఎక్కించబోతే ఆపేయండి, అది కర్ణభేరి దాకా పోవచ్చు. తీశాక చెవిలోకి మళ్లీ లైటు వేసి చూడాలి.

ఇప్పుడు అసలు సంగతి. మిషన్‌ని కంప్యూటర్‌కి తగిలించి "ఫస్ట్ ఫిట్" నొక్కి, "వినపడుతోందా?" అని అడిగి పంపేయడం అమరిక కాదు. ఆ సెట్టింగు సగటు చెవికి వేసిన అంచనా, పై స్వరాల్లో అది తరచుగా కావలసినంత ఇవ్వదు, ఆయనకి లోటున్నది అక్కడే. రియల్ ఇయర్ మెజర్‌మెంట్ చేస్తారా అని ఫోన్లోనే అడగండి. సన్నటి సిలికాన్ గొట్టాన్ని చెవిలోకి, మగవాళ్లకి సుమారు 30, 31 మిల్లీమీటర్ల లోతు వరకు పంపి, దాని పక్కనే మిషన్ పెట్టి, స్పీకర్లోంచి మాటలు 55, 65, 75 డెసిబెల్స్‌లో వినిపిస్తారు. కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో తెర మీద గీతగా వస్తుంది. దాన్ని ఎన్‌ఏఎల్-ఎన్‌ఎల్2 లాంటి సూత్రం చెప్పిన లక్ష్యానికి 5 డెసిబెల్స్ అటూఇటూలోకి తేవాలి. నొప్పి ఉండదు, చక్కిలిగిలి అంతే. ఈ పరికరం మనవైపు అన్ని సెంటర్లలోనూ ఉండదు. అయినా సరే, అది ఉన్న ఊరికి ఒకసారి ప్రయాణం చేయడం పై మోడల్ కొనడం కంటే మేలు.

సొంత గొంతు డబ్బాలో ఉన్నట్టు ఉంటే మిషన్ ఆపి, చెవిలోనే ఉంచి మాట్లాడించండి. అప్పుడూ అలాగే ఉంటే చెవి మూసుకుపోవడం వల్ల, డోమ్ మార్చాలి లేదా మోల్డ్‌లో గాలి రంధ్రం పెద్దది చేయాలి. ఆపగానే పోతే కింది స్వరాలు ఎక్కువ పెట్టారు, కంప్యూటర్లో తగ్గిస్తే సరిపోతుంది. ఈ రెండిటికీ తేడా చూడకుండా "అలవాటైపోతుంది" అని పంపేస్తే మళ్లీ వెళ్లి అడగండి.

కీచుకి కారణం ఎక్కువగా డోమ్ లోపలికి సరిగా వెళ్లకపోవడం, సైజు చిన్నదవడం, చెవిలో గులిమి చేరడం. సెంటర్లో సులువుగా పై స్వరాలు తగ్గించి కీచు ఆపేస్తారు. దాంతో చ, స మళ్లీ పోతాయి, మిషన్ కొన్న పనే పోతుంది. ముందు సైజు మార్చమనండి.

మొదటివారం ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నచోట వాడించండి, తర్వాత వీధి, గుడి, పెళ్లి. గంటలు పెంచుకుంటూ రోజంతా పెట్టుకునే స్థితికి రావాలి. గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోందా, మనవడి మాట అందుతోందా, ఫలానా చోట ఇబ్బంది అని కాగితం మీద రాసి, రెండు మూడు వారాలకి మళ్లీ సెట్టింగుకి తీసుకెళ్లండి. రోజుకెన్ని గంటలు వాడారో మిషన్‌లోనే నమోదై ఉంటుంది. గంటన్నర వాడి "పనిచేయట్లేదు" అంటే సెట్ చేసేవాళ్లకి ఏ ఆధారమూ దొరకదు.

---

సముద్రగాలి:

కాకినాడ అన్నారు కాబట్టి తేమ గురించి. చెమట, ఉప్పుగాలి రెండూ మిషన్‌కి శత్రువులే. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. గుళికల రంగు మారితే మార్చేయాలి. తలకి నూనె రాత్రి పట్టించి, పొద్దున స్నానమయ్యాక చెవి వెనక తుడుచుకుని మిషన్ పెట్టుకోమనండి. పౌడరు మైకు రంధ్రాల్లో దిగుతుంది, అదీ మిషన్ పెట్టుకునేముందే.

జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కరు తీశాక ఓ నిమిషం గాలికి ఉంచి వేయాలి. మళ్లీ స్టిక్కరు అంటించినా అది అయిపోతూనే ఉంటుంది. గోధుమరంగు స్టిక్కరున్న 312 సైజుది సుమారు వారం వస్తుంది, నారింజరంగు 13 సైజుది అంతకంటే ఎక్కువ, పైగా వేళ్లకి అందేది అదే. వేళ్లు వణికితే రీచార్జబుల్ తీసుకోండి. పాత బ్యాటరీలు చిన్నపిల్లలకి అందకూడదు, మింగితే వెంటనే ఆసుపత్రికి.

శబ్దం తగ్గితే రిపేరుకి పరుగెత్తేముందు బ్యాటరీ, డోమ్, గులిమి లోపలికి పోకుండా చివర ఉండే చిన్న తెల్ల వ్యాక్స్ గార్డు, ఈ మూడూ మార్చి చూడండి. ఎక్కువసార్లు గార్డే మూసుకుపోయి ఉంటుంది. ఎరుపు గుర్తుది కుడి చెవికి, నీలం ఎడమకి.

---

శ్రవణ_డెస్క్:

ఖర్చు సంగతి ఎవరూ రాయలేదు. విశాఖపట్నం ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి, మాట లోపాల కోసం ఉన్న జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రం, వీటిలో ఎక్కడికైనా వెళ్లి అడగవచ్చు. 60 ఏళ్లు దాటి ఆదాయం తక్కువున్నవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో మిషన్లు ఉచితంగా ఇస్తారు. వికలాంగత సర్టిఫికెట్‌కి 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉండాలి, 55 దగ్గర అది రాదు. మళ్లీ సరిగా కొలిస్తే అంకె అటో ఇటో మారవచ్చు.

పరీక్ష చేసేవాళ్లు బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట లోపాల డిగ్రీ) చదివి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవాళ్లేనా అని అడగండి. రిపోర్టు మీద వాళ్ల నమోదు నంబరు, సంతకం ఉండాలి. ఆడియోగ్రామ్, మాటల శాతం, టింపనోగ్రామ్ మూడింటి కాపీలూ అడిగి తెచ్చుకోండి, ఏ సెంటరుకి వెళ్లినా వాటితోనే పని.