కుటుంబ ప్రయాణాలకు చిన్న వీడియో కెమెరా: ఏది తీసుకోవాలి?

ప్రయాణి72
వచ్చే సెలవుల్లో నేనూ, నా భార్యా, ఇద్దరు పిల్లలూ, డెబ్బై నాలుగేళ్ల మా నాన్నగారూ కలిసి పదిహేను రోజులు తిరగబోతున్నాము. ఇప్పటివరకు అన్నీ ఫోనుతోనే తీశాను కానీ, ప్రతిసారీ మూడో రోజుకే ఫోను నిండిపోవడం, సాయంత్రానికి దారి చూసుకోవడానికి కూడా ఛార్జింగు మిగలకపోవడంతో విసిగిపోయి విడిగా ఒక చిన్న కెమెరా కొనాలనుకుంటున్నాను. హ్యాండీక్యామ్ మంచిదా, గింబల్ (చేయి కదిలినా లెన్సును నిలకడగా ఉంచే మోటారు అమరిక) ఉన్న పాకెట్ కెమెరానా, ఆటల్లో, సాహసాల్లో వాడే యాక్షన్ కెమెరానా? 4కె నిజంగా అవసరమా? జలపాతం దగ్గర తడిసినా తట్టుకునేది ఉండాలా? అన్నిటికంటే ముఖ్యంగా, చేతులు కొద్దిగా వణికే మా నాన్నగారు ఎవరి సాయమూ లేకుండా తీయగలిగేది ఏది?

పాత క్యాసెట్టు
ఏది కొన్నా, తీసినదాన్ని ఇరవై ఏళ్ల తరువాత దేనిలో చూస్తారో ముందుగా ఆలోచించుకోండి. మా పిల్లల బాల్యమంతా ముప్పై ఎనిమిది మినీ డీవీ క్యాసెట్లలో ఉంది. 1995లో ఆ పద్ధతి వచ్చినప్పుడు ఇళ్లలో వాడుకునేవారికి అది పెద్ద వరమే. కానీ గంట క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాలంటే గంటసేపూ అది ఆడవలసిందే, పైగా అందుకు కావలసిన ఫైర్‌వైర్ పోర్టు ఇప్పటి కంప్యూటర్లలో ఉండదు. నా కెమెరా టేపును నమిలేయడం మొదలుపెట్టేసరికి ఇంకా పదకొండు క్యాసెట్లు మిగిలిపోయాయి. మా రెండోవాడు మొదటిసారి సముద్రాన్ని చూసిన రోజు వాటిలోనే ఉంది.

లెన్సు పురుగు
ఆయన అడిగినది క్యాసెట్ల గురించి కాదు. ఇరవై రెండేళ్లుగా వీడియో తీయడమే వృత్తిగా బతుకుతున్నవాడిగా చెబుతున్నాను: హ్యాండీక్యాముల కాలం అయిపోయింది. సెన్సరు, అంటే లోపల వెలుతురును బొమ్మగా మార్చే చిప్పు, పెద్దది కాకపోతే పొద్దు వాలాక మనిషి ముఖం మీద చుక్కలు తప్ప ఏమీ కనపడవు. ఒక అంగుళం సెన్సరు ఉన్న పాకెట్ కెమెరా తీసుకోండి. 2023లో వచ్చిన డీజేఐ ఆస్మో పాకెట్ 3 బరువు 179 గ్రాములే, మూడు అక్షాల గింబల్ కూడా అందులోనే అమరి ఉంటుంది. మిగిలినవన్నీ ఆటబొమ్మలు.

ఇద్దరి అమ్మ
నా దగ్గర ఉన్నది 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న ఆటబొమ్మ. గత ఏడాది పిల్లలు వాళ్ల నాన్నతో పడవెక్కి సరస్సు మధ్యకు వెళ్లినప్పుడు, నీళ్లంటే భయం గనుక నేను ఒడ్డునే కూర్చున్నాను. మా చిన్నది బెదిరిపోయి తండ్రి చొక్కాను రెండు చేతులతో పట్టుకోవడం, కాసేపటికి ఒక చేయి వదిలి నీళ్లను తాకి చూడడం, ఇదంతా నేను ఒడ్డునుంచే తీశాను. అదే చోట నిలబడి మీ పాకెట్ కెమెరాతో తీస్తే సరస్సు మొత్తం వస్తుంది, పడవ చుక్కంత వస్తుంది, నా కూతురు మాత్రం రాదు.

లెన్సు పురుగు
జూమ్‌ను చివరిదాకా లాగి, స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీసినదాన్ని పెద్ద టీవీలో చూశారా? చూసేవారికి కళ్లు తిరుగుతాయి. పైగా ఆ తరగతి కెమెరాల్లో కొన్నిటి సెన్సరు 1/5.8 అంగుళం, అంటే మూల నుంచి మూలకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. నేను చెబుతున్నది ఒక అంగుళం గురించి.

కొలబద్ద
అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. మీరు చెబుతున్న సెన్సరు పొడవు 13.2, వెడల్పు 8.8 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు కొలిచినా 16 దాటదు. ఇది ఏ లెక్కన ఒక అంగుళం అయిందో దయచేసి చెప్పండి.

లెన్సు పురుగు
ఈ మాత్రం తెలియకుండా చర్చకు రావడం ఆశ్చర్యంగా ఉంది. సెన్సర్లు రాకముందు వీడియో కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి, వాటిని బయటి వ్యాసంతో పిలిచేవారు. అంగుళం గొట్టంలో బొమ్మ పడే భాగం దాదాపు మూడింట రెండు వంతులే కాబట్టి, అంత బొమ్మనిచ్చే సెన్సరుకు కూడా అదే పేరు మిగిలిపోయింది. పేరు ఎలా ఉన్నా, వైశాల్యం 116 చదరపు మిల్లీమీటర్లు. యాక్షన్ కెమెరాల్లో తరచుగా కనిపిస్తూ వచ్చిన 1/2.3 అంగుళం సెన్సరుకు అది 28. వెలుతురు నాలుగు రెట్లు పడుతుంది.

కొలబద్ద
వివరణకు ధన్యవాదాలు. అయితే ఆమె కెమెరాను చిన్నది చేయవలసి వచ్చినప్పుడు మిల్లీమీటర్లలోకి మార్చి చెప్పారు, మీ కెమెరాను పెద్దది చేయవలసి వచ్చినప్పుడు అంగుళంగానే ఉంచారు. రెంటినీ ఒకే కొలతలో చెప్పి ఉంటే నేను అడిగేవాణ్ణే కాదు.

లెన్సు పురుగు
అక్షరాలు ఏరుకునేవారితో వాదించే తీరిక నాకు లేదు.

ఇద్దరి అమ్మ
తీరిక లేదంటూనే ఇది మీ నాలుగో సందేశం. అన్నట్టు, నేను కెమెరాను గట్టు మీద ఆనించి తీశాను, ఎవరి కళ్లూ తిరగలేదు.

గాలిమాట
మీరందరూ బొమ్మ గురించే కొట్టుకుంటున్నారు, శబ్దం మాట ఎవరూ ఎత్తరేమిటి? మా అమ్మ కొండ అంచున బండమీద కూర్చుని, తాను చిన్నతనంలో అటువంటి దారినే బడికి నడిచి వెళ్లిన సంగతులు పన్నెండు నిమిషాలు చెప్పింది. ఇంటికి వచ్చి చూస్తే ఆమె పెదవులు కదులుతున్నాయి, వినిపించేది గాలి హోరు ఒక్కటే. మెనూలో గాలి శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు ఉంది కానీ, అది లోతైన ధ్వనులను కోసివేస్తుందే తప్ప, మైకు మీద నేరుగా కొట్టే గాలిని ఆపలేదు. దాన్ని ఆపేది మైకు చుట్టూ తొడిగే బొచ్చు తొడుగు. లేదా చొక్కాకు తగిలించుకునే వైర్‌లెస్ మైకు పెట్టుకోవాలి. బయటి మైకు పెట్టుకునే సదుపాయం లేని కెమెరాను ఎంత పెద్ద సెన్సరు ఉన్నా నేను ఇక కొనను.

ఖాళీ కార్డు
4కె గురించి అడిగారు కదా. ఫుల్ హెచ్‌డీ కంటే పిక్సెళ్లు నాలుగు రెట్లు ఉంటాయి కాబట్టి, తరువాత బొమ్మను కత్తిరించుకున్నా స్పష్టత చెడదు. అయితే సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 గిగాబైట్లు అవుతుంది, 64 గిగాబైట్ల కార్డు గంటన్నర కూడా రాదు. కార్డు మీద వీ30 అన్న గుర్తు చూసి కొనండి. అది సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని అర్థం. వీడియోను ఎక్కువగా కుదించే హెచ్‌.265 పద్ధతిలో తీస్తే ఫైలు చిన్నదవుతుంది కానీ, నా పాత కంప్యూటరు దాన్ని ఆడించలేక సగంలో బిగుసుకుపోతుంది. కొనేముందు మీ కంప్యూటరు సంగతి కూడా చూసుకోండి.

నిద్రమొహం
నాది చిన్న ఫోటో కెమెరా, వీడియో కూడా తీస్తుంది. కొండ మీద సూర్యోదయం తీయడానికి చీకట్లోనే లేచి, స్టాండు మీద పెట్టి, టీ తాగుతూ కూర్చున్నాను. సూర్యుడు రావడానికి రెండు నిమిషాల ముందు, సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర అది దానంతటదే ఆగిపోయింది. చెడిపోయిందేమోనని మరమ్మతుకు కూడా ఇచ్చాను.

లెన్సు పురుగు
చెడిపోలేదు. అరగంటకు మించి ఏకబిగిన తీయగలిగితే దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి యూరపులో ఎక్కువ సుంకం వేసేవారు. అందుకే చాలా ఫోటో కెమెరాలకు ఆ హద్దు పెట్టారు. వీడియో కోసమే చేసిన కెమెరాల్లో ఈ బెడద లేదు, చిన్నవాటిలో వేడెక్కి ఆగిపోవడం వేరే సంగతి.

ఇద్దరి అమ్మ
ఒప్పుకుంటున్నారన్నమాట, హ్యాండీక్యాముకు ఒక సుగుణమైనా ఉందని.

ప్రయాణి72
అందరికీ కృతజ్ఞతలు. గొట్టాలు, సుంకాలు, క్యాసెట్లు అన్నీ తెలుసుకున్నాను కానీ, నేను అన్నిటికంటే ముఖ్యమని రాసిన ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. మా నాన్నగారు ఇదివరకటి ప్రయాణంలో నా ఫోనుతో తీస్తానని ఉత్సాహపడి, తెర మీద వేలు ఎక్కడో తగిలి వేరే ఏదో తెరుచుకోవడంతో చిన్నబుచ్చుకుని తిరిగి ఇచ్చేశారు. మళ్లీ అడగలేదు.

నడకకర్ర
నాకు డెబ్బై ఒకటి, నా చేతులూ వణుకుతాయి, కాబట్టి ఇది నేను చెప్పవలసిన జవాబు. యాక్షన్ కెమెరా పగటిపూట చాలా బాగుంటుంది. గోప్రో అనే యాక్షన్ కెమెరాలలో హీరో 5 నుంచి వచ్చిన ప్రధాన మోడళ్లు పైతొడుగు లేకుండానే 10 మీటర్ల లోతు నీటిని తట్టుకుంటాయి. కానీ అది వణుకును ఎలక్ట్రానిక్‌గా, బొమ్మ అంచులు కత్తిరించి సరిచేస్తుంది కాబట్టి, వెలుతురు తగ్గితే బొమ్మ నిలకడగానే ఉన్నా అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. పాకెట్ కెమెరాలోని గింబల్ లెన్సునే కదలకుండా నిలబెడుతుంది కాబట్టి నా చేతికి అది బాగా నప్పింది, తెరను అడ్డంగా తిప్పితే చాలు, కెమెరా ఆన్ అవుతుంది. చిక్కల్లా తెర చిన్నది కావడమే. హ్యాండీక్యాములో పట్టీ చేతిని పట్టి ఉంచుతుంది, తెర తెరిస్తే ఆన్ అవుతుంది, మీట బొటనవేలి కిందే ఉంటుంది.

ఏది కొన్నా ఒక సంగతి నేర్పించండి. నేను మొదటి రోజంతా నొక్కిన ప్రతిసారీ తెలియకుండా రెండుసార్లు నొక్కాను. ఆ తరువాత వరుస తప్పి, ఆపాననుకున్నప్పుడు తీస్తూ, తీస్తున్నాననుకున్నప్పుడు ఆపేస్తూ, నలభై నిమిషాలు నా చెప్పులనే తీశాను. తెర మీద ఎర్ర చుక్క చూశాకే కెమెరాను ఎత్తమని చెప్పండి.

ప్రయాణి72
మీ జవాబు మా నాన్నగారికి చదివి వినిపించాను. చెప్పుల దగ్గర బాగా నవ్వి, పట్టీ ఉన్నదే కావాలన్నారు. జలపాతం దగ్గరకు కెమెరాను తీసుకువెళ్లము.

లెన్సు పురుగు
బొచ్చు తొడుగు మరచిపోకండి, గాలిమాట గారు చెప్పినది నిజం. పాత క్యాసెట్టు గారూ, మొదట విసుక్కున్నాను, మన్నించండి. నా దగ్గర పనిచేసే మినీ డీవీ ప్లేయరూ, ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటరూ ఉన్నాయి. మీ పదకొండు క్యాసెట్లు ఎస్‌పీలో (టేపు మామూలు వేగంతో నడిచేది) తీసినవా, ఎల్‌పీలోనా (నెమ్మదిగా నడిచేది)? ఎస్‌పీ అయితే ఇబ్బంది లేదు. గంట టేపులో గంటన్నర పట్టించే ఎల్‌పీలో టేపు మీద రికార్డయ్యే గీతలు సన్నగా పడతాయి గనుక, తీసిన కెమెరాలో తప్ప మరొకదానిలో అవి తరచుగా సరిగా ఆడవు.

పాత క్యాసెట్టు
పది ఎస్‌పీలోనే తీశాను. టేపు చాలదేమోనన్న భయంతో ఎల్‌పీకి మార్చినది ఆ సముద్రం రోజు ఒక్కటే.