అప్‌డేట్: నత్త సీన్ ఉన్న ఆ పాత సినిమా దొరికింది

పోయిన నెల ఇక్కడ అడిగాను: పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా, పాత్రలవి రష్యన్ పేర్లు, డబ్బంతా రూబుళ్లలోనే, ఇద్దరు మగవాళ్లు గడ్డిలో పడుకుని మాట్లాడుకుంటుంటే ఒకాయన చేతిమీద నత్త పాకుతుంటుంది, ఏంటది అని. దొరికిందండీ. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.

"రష్యన్ సినిమాల్లో కాదు, ఫ్రెంచ్‌లో వెతకండి" అన్నవారి మాటే నిజమైంది. అది జాఁ రెన్వార్ 1936లో తీసిన 'లే బా ఫోఁ'. మూలం రష్యన్ రచయిత గోర్కీ 1902 నాటి నాటకం 'లోయర్ డెప్త్స్'. నత్త చేతిమీద ఉన్నాయన లూయీ జూవే, ఆస్తంతా పోగొట్టుకున్న బారన్ (జమీందారు లాంటి దొర). పక్కన దొంగ పెపెల్‌గా జాఁ గాబాఁ. బారన్ ఇంట్లో దొంగతనానికి వచ్చినవాడే ఆయనకి స్నేహితుడవుతాడు. మళ్లీ చూశాను. బారన్ తన జీవితం గురించి చెబుతూ ఆ నత్తని వేలిమీంచి వేలిమీదికి పాకనిస్తుంటాడు, అంత నెమ్మదిగా. ఇన్నేళ్లూ ఎందుకు గుర్తుండిపోయిందో అప్పుడర్థమైంది.

జపాన్ దర్శకుడు కురొసావా 1957 సినిమా అని చాలామంది చెప్పారు. అదీ ఇదే నాటకం, కానీ కథ ఎడో కాలపు (1603–1868) జపాన్‌లో నడుస్తుంది, నేను వెతికింది అది కాదు. రూబుళ్లు, పేర్లు చూసి రష్యన్ సినిమా అనుకోవడమే నా పొరపాటు.

ఒక్క మాట, నాటకం చదివి చూసేవాళ్లకి: ముగింపు వేరు. సినిమాలో పెపెల్, అతను ప్రేమించిన నటాషా కలిసి రోడ్డు పట్టి వెళ్లిపోతారు. నాకైతే అదే నచ్చింది.